పెద్దాయన పని అయిపోయింది

"దీన్ని ఇలా చంపింది ఎవరండీ?"

"చంపలేదు. దాచాను," అంది మందులమ్మాయి.

అతను అప్పటికే ప్లాస్టిక్ సంచి మూతి విప్పేశాడు. లోపలినుంచి వచ్చిన వాసనకి ఇద్దరూ ఒక్కసారే మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోవడంలో ఒకరికొకరు ఎదురుపడ్డారు. అదే వాళ్ళ మొదటి చూపు. దానికి ఇంతకంటే మంచి వాసన రాసిపెట్టి ఉంటే బాగుండేది.

అతని అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ ఎవరూ చదవరు. లారీల టార్పాలిన్లు, కొట్ల ముందు కట్టే పరదాలు, గుడారాలు కుట్టే, గొడుగులు బాగుచేసే దుకాణం కాబట్టి వీధి వీధంతా అతన్ని గుడారం అనే పిలుస్తుంది. ఆ పిల్ల పక్క వీధిలో మందుల షాపు కౌంటర్లో నిలబడుతుంది. తలనొప్పి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె మందులమ్మాయి.

గుడారం సంచిలోంచి పెరటి గొడుగును లాగి నేలమీద పరిచాడు. మనిషిని పడుకోబెట్టినంత పొడవుంది. తెల్లగా ఉండాల్సిన గుడ్డ నిండా నల్లటి బూజు మచ్చలు. ఒక ఊచ విరిగింది. గుడ్డలో ఒక భాగం చిరిగి వేలాడుతోంది. కర్రలోంచి కప్పీ మీదుగా పోయే తాడు చేత్తో పట్టుకోగానే పొడిపొడిగా రాలింది.

"తడి మీదే చుట్టేశారా?"

"అప్పుడు వాన పడుతోంది."

"వెలిసేదాకా ఆగలేకపోయారా?"

"నేను ఆగేదాన్నే. అంబులెన్సు ఆగలేదు."

 ఆమే చెప్పింది, ఎవరితోనో ఒకరితో అనాలన్నట్టు. నాన్న జీవితమంతా బస్సు నడిపాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక్కడ ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టర్లు చెప్పేశారు. ఆయనకేమో గదిలో పడుకుంటే గోడలు మీదికి వచ్చినట్టుంటుంది. బయట కూర్చుందామంటే పెరట్లో మండే ఎండ. పోయిన ఏడాదంతా ఈ గొడుగు కిందే గడిపాడు. అమ్మ పోకముందు కొన్న గొడుగు.

"గొడుగు వేయిస్తే ఇంటికొస్తా, లేకపోతే ఈ వార్డు ఫ్యాను కిందే పోతా అంటున్నారు."

"ఎప్పటికి కావాలి?"

"రేపటికి."

"రేపటికి ఉతికిన తడి కూడా ఆరదండీ."

"ఆరక్కర్లేదు. నిలబడితే చాలు."

"పోయినసారి కూడా అలా అనుకునే కదా చుట్టేశారు."

మందులమ్మాయికి ఒళ్ళు మండింది. "మీరు గొడుగుల్ని బాగుచేస్తారా, మనుషుల్ని బాగుచేస్తారా?"

"మనుషుల సంగతి మీరు చూసుకుంటారుగా, మందులిచ్చి."

"మందులిస్తాను. బాగుచేయను. ఆ రెండూ ఒకటి కాదని ఈ మధ్యే తెలిసింది."

గుడారం తల వంచుకుని ఊచలు సర్దాడు. కాసేపటికి, "మీరు కూడా ఒక చెయ్యి వేస్తే తొందరగా అవుతుంది," అన్నాడు.

షాపు మూశాక ఆసుపత్రికి వెళ్లేలోపు ఆమెకి కాస్త వ్యవధి ఉంటుంది. రేపటికన్నది నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ ఆ వ్యవధి గుడారం కొట్టు వెనక జాగాలో గడిచేది. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులిపారు. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్ళు. మచ్చల మీద నీళ్ళు కలిపిన వెనిగర్ పోసి నానబెట్టి, మెత్తటి కుచ్చుతో రుద్దారు. ఆమె గట్టిగా రుద్దబోతే అతను ఆపాడు.

"మెల్లగా అండీ. బూజు పోతుంది, దాంతోపాటు గుడ్డా పోతుంది."

"ఇంకా మచ్చ కనిపిస్తోంది."

"కొన్ని మచ్చలు ఉండిపోతాయి. వాసన పోయిందా లేదా చూడండి."

ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పోయింది. ఒకసారి అతను గొడుగు కర్రని తిప్పుతూ, "కాస్త ఇటు తిరగండి, నడుం పట్టేసిందా?" అన్నాడు. తననేమోననుకుని ఆమె గభాలున తిరిగింది. గొడుగుతో మాట్లాడుతున్నాడని తెలిశాక నవ్వు ఆగలేదు. నవ్వి చాలా కాలమైనట్టు బుగ్గలు నొప్పెట్టాయి. వెంటనే ఫోన్ తీసి చూసుకుంది, నవ్విన ఆ కాస్త సేపట్లో వార్డు నుంచి ఏమైనా వచ్చిందేమోనని.

"గొడుగు సిద్ధమైతే కబురు చేయండి. కౌంటర్లో ఉన్నప్పుడు నేను ఫోన్ తీయను. మా పక్కింటి పిన్నికి చేస్తే చెబుతుంది," అని పిన్ని నంబరు ఇచ్చింది. గుడారం సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు.

కబురు వచ్చింది. వచ్చిన తీరే బాగాలేదు.

మధ్యాహ్నం పిన్ని చెప్పుల్లేకుండా మందుల షాపుకి పరుగెత్తుకొచ్చింది. 

"అమ్మాయ్, ఎవరో ఫోన్ చేశారే. పెద్దాయన పని అయిపోయిందట. గుడ్డ చుట్టి కట్టి ఉంచారట. చీకటి పడేలోపు వచ్చి తీసుకెళ్లమన్నారు."

మందులమ్మాయి చేతిలో కత్తెర ఉంది. కౌంటర్ అవతల ఉన్నామెకి మాత్రలు కత్తిరిస్తోంది. కత్తిరించడం పూర్తి చేసింది. కవర్లో వేసి, "భోజనం తర్వాత వేసుకోండి," అంది. తర్వాత కౌంటర్ కిందినుంచి వంగి బయటికి వచ్చి నడవడం మొదలుపెట్టింది. ఆటో పిలవాలని కూడా తోచలేదు. వెనకాల పిన్ని ఏడుస్తూ వస్తోంది.

వార్డులో నాన్న మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేశారు. దిండు మీద తల ఆనిన గుంట అలాగే ఉంది. అడుగుదామంటే నర్సు లేదు. ఆమె మంచం పక్కన నిలబడి, స్టూలు మీదున్న తువ్వాలు తీసి మడిచింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. పొద్దున్న వెళ్లేటప్పుడు మంచినీళ్ళు పెట్టానా లేదా అన్నదొక్కటే తలలో తిరుగుతోంది.

"ఏంటమ్మా, షాపు అప్పుడే మూసేశారా?"

నాన్న. చక్రాల కుర్చీలో. ఎక్స్‌రే తీయించి తీసుకొస్తున్నారు.

ఆమె ఆయన నుదురు ముట్టి చూసింది. మెడ, చేతులు, పాదాలు, అన్నీ ముట్టి చూసింది.

"జ్వరం లేదే. ఎందుకలా తడుముతున్నావ్?"

పిన్ని గుమ్మంలోనే కూలబడి జరిగింది చెప్పింది. నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆయాసంలోకి దిగింది, నర్సు వచ్చి అందరినీ కేకలేసింది. ఊపిరి అందాక ఆయన అడిగిన మొదటి మాట, "గుడ్డ కూడా చుట్టేశారా?"

పిన్ని తన ఫోన్లో వచ్చిన నంబరు చూపించింది. అది ఆసుపత్రిది కాదు.

గుడారం కొట్టు అరుగు మీద తెల్లటి గుడ్డ సంచిలో పొడవాటి మూట నిలబెట్టి ఉంది. మందులమ్మాయి వచ్చి దాని ముందు ఆగింది.

"పెద్దాయన ఎవరు?"

"ఈయనే కదండీ," అన్నాడు గుడారం మూట మీద చెయ్యి వేసి, పని బాగా కుదిరిన సంతోషంతో. "మా కొట్లో చేతి గొడుగులు పిల్లకాయలు. బటన్ నొక్కకముందే మొహం మీద తెరుచుకునేవి అత్తగార్లు. ఇంత ఎత్తువి పెద్దాయనలు. మా తాతలనాటి నుంచీ…"

ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"మా నాన్న పోయారనుకున్నాను."

గుడారం తాను ఫోన్లో అన్న మాటలు ఒక్కొక్కటీ లోపల అనుకుని చూసుకున్నాడు. పని అయిపోయింది. గుడ్డ చుట్టి కట్టాను. వచ్చి తీసుకెళ్లండి. అతని మొహం పాలిపోయింది.

అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. వార్డులో రానిది, దారిలో రానిది, కొత్తగా కుట్టిన గుడ్డల మధ్య వచ్చింది. గుడారం ఏం చేయాలో తోచక చేతికందిన టార్పాలిన్ ముక్క ఇచ్చాడు. దాంతో ఎవరూ కళ్ళు తుడుచుకోలేరు. అయినా ఆమె తీసుకుంది.

"ఇకమీదట ఫోన్ చేస్తే ముందే చెప్పేస్తానండీ. 'ఎవరికీ ఏమీ కాలేదు' అని. ఆ తర్వాతే సంగతి."

"అలా మొదలుపెడితే విన్నవాళ్ళ గుండె ఆగిపోదా?"

"ఆగినా వెంటనే మళ్ళీ కొట్టుకుంటుంది కదండీ."

* * *

నాన్న ఇంటికొచ్చాడు. పెరట్లో సిమెంటు దిమ్మలో కర్ర దింపి గుడారం తాడు లాగాడు. కొత్త తాడు కప్పీ మీద చప్పుడు లేకుండా జారింది. గొడుగు నిండుగా విచ్చుకుంది. తెల్లటి గుడ్డలో ఒక భాగం మాత్రం ముదురు నీలం.

"ఆ నీలం ఏమిటబ్బాయ్?"

"లారీ టార్పాలినండీ. దీనికి సరిపోయే తెలుపు దొరకలేదు. దొరికేదాకా ఆగుదామంటే…" అని గుడారం మాట మింగేశాడు.

"ఆగితే నేనుండను. బాగానే చేశావు. కుర్చీ ఆ నీలం కిందే వెయ్యి. నా బస్సు అదే రంగు."

గుడారం కుర్చీ జరిపి, వీపు వెనక దిండు సర్దాడు. "సరిగ్గా ఉందా బాబాయ్‌గారూ?"

"బాబాయ్ అనకు," అన్నాడు నాన్న.

"మరి?"

"మావయ్యా అను. పిలవడానికీ బాగుంటుంది, ముందుముందు పనికీ వస్తుంది."

నీళ్ళ గ్లాసు తెస్తున్న మందులమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది. గుడారం చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు పైకి చూశాడు, అక్కడ కుట్టు ఏదో ఊడిపోయినట్టు.

"సార్ అంటానండీ."

"నేనేమైనా నీకు పాఠాలు చెప్పానా?"

అయినా సార్ అనే అన్నాడు. పొద్దున్నే వచ్చి గొడుగు విప్పేవాడు. సాయంత్రం వచ్చి ముడిచేవాడు. మధ్యలో గాలి లేస్తే పిన్నికి ఫోన్ వెళ్లేది. "ఎవరికీ ఏమీ కాలేదు పిన్నిగారూ. గాలి ఎక్కువగా ఉంది, గొడుగు కాస్త ముడవమనండి." పిన్ని ఆ మాటని గోడ మీదినుంచి అదే గొంతుతో అప్పజెప్పేది. నాన్న ఆయాసపడుతూనే నవ్వేవాడు.

"రోజూ రావక్కర్లేదు. ముడవడం నాకూ వచ్చు," అంది మందులమ్మాయి ఒక సాయంత్రం.

"వచ్చు. చూశానుగా ప్లాస్టిక్ సంచిలో."

"ఇంకా ఎన్నాళ్ళంటారు ఆ మాట?"

"మీరు నన్ను రావొద్దన్నప్పుడల్లా."

ఆమె గొడుగు అంచు పట్టుకుని ముడతలు సర్దుతోంది. అటువైపు అంచు అతను పట్టుకున్నాడు. గుడ్డ మడత పడుతున్నకొద్దీ మధ్యలో దూరం తగ్గింది. కుర్చీలో నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఉండాల్సినదానికంటే గట్టిగా.

కానీ ఆయన రోజురోజుకీ తగ్గిపోతున్నాడు. దిండ్లు పెరిగాయి, మాటలు తగ్గాయి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగేవాడు. ఆ ఆగిన చోట ఆమె ఊపిరి కూడా ఆగేది. వంటింట్లో ఉన్నా చెవులు పెరట్లోనే ఉండేవి. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. గుడారం ఒకసారి, "మీరు కాసేపు పడుకోండి, నేను వింటుంటాను," అన్నాడు. అంతకంటే మంచిమాట ఆమెతో ఎవరూ అని చాలా కాలమైంది. పడుకుంది. నిద్ర పట్టలేదు. కానీ పడుకుంది.

వానాకాలం ఒక పొద్దున్నే మొదలైంది. గుడారం వచ్చి గొడుగు విప్పి వెళ్లాక మబ్బు కమ్మింది. లోపలికి తీసుకెళ్లబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాన పడనీ. బస్సు టాపు మీద… ఇలాగే చప్పుడయ్యేది."

చినుకులు నీలం గుడ్డ మీద టపటపమన్నాయి. ఆయన వింటున్నాడు. చలేస్తుందేమోనని ఆమె దుప్పటి కోసం లోపలికి వెళ్లింది. వచ్చేసరికి వాన చప్పుడు ఒక్కటే ఉంది.

ఆమె దుప్పటి కప్పింది. నుదురు ముట్టి చూసింది. తర్వాత ఫోన్ తీసింది. గుడారం నంబరే ఎందుకు నొక్కిందో తెలియదు. అవతల గొంతు వినిపించాక ఏ మాటా దొరకలేదు. ఉన్న మాట ఒక్కటే నోటికొచ్చింది.

"పెద్దాయన పని అయిపోయింది."

"అయ్యో, గాలికా? ఊచ విరిగిందా? తాడు తెగిందా? ఏమీ కదపకండి. సూదీ దారం తీసుకుని వస్తున్నా."

ఆమె కాదనలేకపోయింది. వస్తే చాలనుకుంది.

గుడారం తడిసి ముద్దయి వచ్చాడు. భుజాన పనిముట్ల సంచి. పెరటి గుమ్మంలోనుంచి ముందు గొడుగునే చూశాడు. ఊచలు బాగున్నాయి. గుడ్డ బాగుంది. తర్వాత కిందికి చూశాడు.

సంచి మెల్లగా నేలమీద పెట్టాడు. కుర్చీ దగ్గరికి వెళ్లి మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మావయ్యా," అన్నాడు.

ఆయన బతికుండగా ఒక్కసారీ అనని మాట. అది విన్నాక మందులమ్మాయి గోడకి జారగిలబడి పెద్దగా ఏడ్చింది.

* * *

వచ్చినవాళ్ళు వెళ్లిపోయారు. గొడుగు మాత్రం పెరట్లో విప్పే ఉంది, తడుస్తూ.

"కట్టి తీసుకెళ్లిపోండి," అంది మందులమ్మాయి. "నా కంటికి కనిపించకూడదు."

"తడిగా ఉందండీ."

"నాకక్కర్లేదు. కుళ్ళిపోనివ్వండి."

"ఆరాక కట్టేస్తాను."

"ఈ వానల్లో అది ఎప్పటికి ఆరుతుంది?"

"తెలియదు," అన్నాడు గుడారం. అతను వాదించలేదు. కట్టలేదు కూడా.

రోజూ వచ్చేవాడు. ఫోన్ మాత్రం చేయలేదు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదేమో. చినుకు ఆగినప్పుడు పొడిగుడ్డతో ఊచలు తుడిచేవాడు, గాలికి ఎదురుగా గొడుగు తిప్పేవాడు, మళ్ళీ వాన మొదలైతే మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఆమె కిటికీలోంచి చూసేది. బయటికి వచ్చేది కాదు. నాన్న గది తలుపు గడియ పెట్టేసింది. అందులోకి ఎవరినీ పోనివ్వలేదు, గాలినీ పోనివ్వలేదు.

ఒక పూట పిన్ని కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రోజు ముందు ఆ అబ్బాయికే ఎందుకు చేశావే ఫోను?"

"తెలియదు పిన్నీ."

"మీ నాన్న నాతో ఓసారి అన్నాడు. 'నేను నిజంగా పోయిన రోజు ముందు ఆ కుర్రాడికే చెప్పమను, వాడు నాకు ఒకసారి రిహార్సల్ చేయించాడు, కంగారుపడడు' అని. నీతో చెప్పడానికి నాకే మనసొప్పలేదు."

"కంగారుపడ్డాడు పిన్నీ. సూదీ దారం పట్టుకొచ్చాడు."

"కుట్టడానికి కుదిరితే కుట్టేవాడేగా," అంది పిన్ని.



తర్వాత ఒక పొద్దున ఎండ కాసింది. మధ్యాహ్నందాకా కాస్తూనే ఉంది. మందులమ్మాయి పెరట్లోకి వచ్చింది. గొడుగు కింద నిలబడి, నిద్రపోయే పసిపిల్ల మెడ కింద చెమట పట్టిందేమో చూసినట్టు, కుట్టుకుట్టుకీ వేలు పెట్టి చూసింది. నీలం గుడ్డ అంచు చివరిగా చూసింది. పొడిగా, వెచ్చగా ఉంది.

ఫోన్ తీసింది.

"ఎవరికీ ఏమీ కాలేదు," అంది.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"గొడుగు ఆరింది."

"వస్తున్నా," అన్నాడు గుడారం. ఒక్కక్షణం ఆగి, "సూదీ దారం?"

"వద్దు. మీరొస్తే చాలు."

ఇద్దరూ కలిసి ముడిచారు. ఆమె మడతలు సర్దింది. అతను నాడా కట్టి, కర్ర కీలుకి మైనం రాసి, గుడ్డ సంచి తొడిగాడు.

"మా కొట్లో అటక పొడిగా ఉంటుంది. అక్కడ పెట్టమంటారా?"

"ఇక్కడ చోటు లేదా?"

"ఉంటే మంచిదే. నిలువుగా ఉంచాలి. నేల చెమ్మ తగలకూడదు. గాలి ఆడాలి. మూసేసిన గదిలో అయితే మళ్ళీ బూజే."

 ఆమె లోపలికి వెళ్లి నాన్న గది గడియ తీసింది. గుప్పున వాసన కొట్టింది. ఈసారి ఎవరూ మొహం తిప్పుకోలేదు. కిటికీ బిగుసుకుపోయింది. అతను భుజం పెట్టి తోస్తే తెరుచుకుంది. మంచం ఉండే మూల పీట వేసి, దాని మీద పెద్దాయనని గోడకి ఆనించి నిలబెట్టారు.

"వానలు తగ్గేదాకా నెలకోసారి విప్పి గాలి పట్టించాలండీ."

"అది పెద్దాయనకి అవసరమా, మీకా?"

"పెద్దాయనకి నెలకోసారి చాలు."

"మీకు?"

గుడారం చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "రోజూ," అన్నాడు నేల చూస్తూ.

 ఆమె కిటికీ రెక్క గాలికి మళ్ళీ మూసుకుపోకుండా కింద చెక్కముక్క పెట్టింది. "రేపు షాపు మూశాక రండి," అంది. "ఈ గది నేనొక్కదాన్నే తుడవలేను."

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పిన్ని ఎప్పట్నించి వింటోందో తెలియదు.

"అబ్బాయ్, వెళ్లేటప్పుడు ఇటు వచ్చి కాఫీ తాగి వెళ్లు."

"అలాగే అత్తయ్యగారూ," అన్నాడు గుడారం.

నిన్నటిదాకా పిన్నిగారు. పిన్ని చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. మందులమ్మాయి గోడకి ఆనించిన పెద్దాయన వైపు తిరిగి, సంచి మూతి దగ్గర జారిన ముడిని మెల్లగా సరిచేసింది.